ప్రేక్షకులు లేని కళ: పిల్లల మనోవేదనకు ఆట, పాట, బొమ్మల చికిత్స

పిల్లల మనసుకు కలిగిన కష్టం మాటల్లోకి రావడానికి చాలా ముందే వారి శరీరంలో కనిపిస్తుంది. బడికి బయలుదేరే వేళకు సరిగ్గా మొదలయ్యే కడుపునొప్పి, ఎప్పుడో మానిన పక్క తడపడం ఏడెనిమిదేళ్ల వయసులో మళ్లీ రావడం, తలుపు చప్పుడుకే ఉలిక్కిపడటం, భుజాలు బిగించుకుని తల వంచుకుని నడవడం, కారణం తెలియకుండా తోటివారి మీద చేయి చేసుకోవడం, ఇంట్లో గలగలా మాట్లాడే పిల్ల తరగతి గదిలో నెలల తరబడి ఒక్క మాటైనా పలకకపోవడం వంటివి పెద్దల కంటికి వేర్వేరు సమస్యలుగా కనిపించినా, చాలా సందర్భాలలో వాటి మూలంలో ఉండేది భయమో, బెంగో, దుఃఖమో, పట్టరాని కోపమో. వీటినే మనస్తత్వ శాస్త్రం భావోద్వేగ సమస్యలు అంటుంది. భయపడటం, ఏడవడం, కోపగించుకోవడం పిల్లలందరికీ ఉన్నవే. కలిగిన భావాన్ని తట్టుకోవడం, దాన్నుంచి తేరుకోవడం పిల్లల శక్తికి మించిపోయి, ఆ స్థితి వారాల తరబడి కొనసాగినప్పుడు అది సమస్య అవుతుంది. తెలుగు ఇళ్లలో ఇటువంటి పిల్లలకు మొండిఘటమనీ పెంకివాడనీ పేరు పెట్టడం, లేకపోతే గాలి సోకిందనో దిష్టి తగిలిందనో తాయెత్తు కట్టించడం ఏనాటి నుంచో ఉన్న అలవాటు. తాయెత్తు కట్టించే తల్లి ఆరాటాన్ని తక్కువ చేయడానికి వీల్లేదు గానీ, ఆ ఆరాటానికి సరైన దారి చూపగల పద్ధతులు ఇప్పుడు ఉన్నాయి. ఆట, పాట, నాట్యం, బొమ్మలు గీయడం, వేషం కట్టడం ఆధారంగా పిల్లల మనోవేదనకు ఉపశమనం కలిగించే సృజనాత్మక చికిత్సలు, చలన చికిత్సలు అటువంటివి. వరంగల్ ప్రాంతపు కళలకు వాటితో ఉన్న చుట్టరికం చాలా దగ్గరిది.

బెంగళూరులోని నిమ్హాన్స్ మానసిక వైద్య సంస్థ ఆధ్వర్యంలో 2015-16లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే 13 నుంచి 17 ఏళ్ల వయసు వారిలో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉన్నట్టు గుర్తించింది. పెద్దవారిలో కనిపించే మానసిక సమస్యలలో దాదాపు సగం 14 ఏళ్లు నిండేలోపే మొదలవుతాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతూ వస్తోంది. ఉమ్మడి వరంగల్ జిల్లా పల్లెల్లో పత్తి పంట అప్పుల పాలై తండ్రిని పోగొట్టుకున్న పిల్లలు ఉన్నారు. నేతపని తగ్గిపోయి సూరత్, భివండీ మరమగ్గాలకు తల్లిదండ్రులు వలస పోగా అమ్మమ్మల దగ్గర, నాయనమ్మల దగ్గర పెరిగిన పిల్లలు ఉన్నారు. పదేళ్లు నిండకుండానే గురుకులాలలో, హాస్టళ్లలో చేరి రాత్రిళ్లు దుప్పటి ముసుగులో ఏడ్చే పిల్లలు ఉన్నారు. హనుమకొండ వీధుల్లో వరసగా నిలిచిన ఇంటర్మీడియట్ కళాశాలల హాస్టళ్లలో మార్కుల ఒత్తిడి తప్ప మరొకటి ఎరగని కౌమార వయస్కులు ఉన్నారు. ములుగు, మహబూబాబాద్ ప్రాంతాల లంబాడీ తండాల నుంచీ కోయ గూడేల నుంచీ వచ్చే పిల్లలకు ఇంటి భాష ఒకటి, బడి భాష మరొకటి కావడం వల్ల, దుఃఖాన్ని చెప్పుకోవడానికి కావలసిన మాట బడిలో ఉన్నవారికి అర్థమయ్యే భాషలో దొరకదు.

పెద్దవారి మానసిక చికిత్సలో మాటే ప్రధాన సాధనం. వైద్యుడు అడుగుతాడు, బాధితుడు చెబుతాడు, చెప్పుకోవడంలోనే కొంత బరువు దిగుతుంది. ఎనిమిదేళ్ల పిల్లను ఎదురుగా కూర్చోబెట్టుకుని మనసులో ఏముందని అడిగితే వచ్చే సమాధానం ఏమీ లేదనే ఒక్క మాట. అది దాపరికం కావలసిన అవసరం లేదు, ఆ వయసులో అనుభవం ఇంకా మాటగా రూపు కట్టి ఉండకపోవచ్చు. భయం కలిగినప్పుడు మెదడులోని అమిగ్డలా అనే చిన్న భాగం ప్రమాద సంకేతాన్ని అందుకుని, ఆలోచన పూర్తి కాకముందే గుండె వేగాన్నీ ఊపిరినీ కండరాల బిగువునూ మార్చివేస్తుంది. దానితో శరీరం ఎదిరించడానికో పారిపోవడానికో సిద్ధపడుతుంది, ఆ రెండింటికీ వీలు లేనప్పుడు కొయ్యబారిపోతుంది. రోజూ కొట్లాట జరిగే ఇంట్లో పెరిగిన బిడ్డలోనూ, కళ్లెదుట ప్రమాదాన్ని చూసిన బిడ్డలోనూ ఈ స్థితి ప్రమాదం గడిచిపోయిన తరువాత కూడా కొనసాగుతుంది. భయపడాల్సింది ఏమీ లేదని ఎంత నచ్చజెప్పినా అది తగ్గకపోవడానికి కారణం, ఆ భయం తర్కించి తెచ్చుకున్నది కాకపోవడమే. ఊపిరి, అడుగు, లయ, చేతికి తగిలే మట్టి, కంటికి కనిపించే రంగు అనే దారుల గుండా శరీరానికి నెమ్మది కలిగించి, ఆ తరువాత మాటకు చోటివ్వడం సృజనాత్మక చికిత్సలన్నింటికీ ఉమ్మడి సూత్రం.

ఈ చికిత్సలలో శరీర కదలికను ప్రధాన సాధనంగా తీసుకునేది నృత్య చలన చికిత్స, బొమ్మలనూ రంగులనూ మట్టినీ తీసుకునేది చిత్రకళా చికిత్స, వేషాన్నీ కథనూ తీసుకునేది నాటక చికిత్స, ధ్వనినీ లయనూ తీసుకునేది సంగీత చికిత్స, పిల్లలు తమంతట తాము ఆడుకునే ఆటనే ఆధారంగా చేసుకునేది ఆట చికిత్స. ఇవి వృత్తులుగా రూపుదిద్దుకున్నది ఇరవయ్యో శతాబ్దంలోనే. మరియన్ చేస్ అనే నర్తకి 1942లో వాషింగ్టన్‌లోని సెయింట్ ఎలిజబెత్స్ మానసిక వైద్యశాలలో పని మొదలుపెట్టి, ఎవరితోనూ మాట్లాడని రోగుల చిన్న చిన్న కదలికలను తన శరీరంతో తిరిగి చేసి చూపిస్తూ, ఆ విధంగా వారితో సంభాషణ సాగించింది. రోగి వేలితో బల్ల మీద తడితే ఆమె కూడా తట్టేది, రోగి ఊగితే ఆమె కూడా ఊగేది. అద్దం పట్టడం అని నేటి చికిత్సకులు పిలిచే ఈ పద్ధతి అప్పటి నుంచి నృత్య చలన చికిత్సకు పునాది అయింది. 1966లో అమెరికన్ డాన్స్ థెరపీ అసోసియేషన్ ఏర్పడినప్పుడు దానికి తొలి అధ్యక్షురాలు ఆమెయే.

చిత్రకళా చికిత్స చరిత్రలో మరువరాని పేరు ఫ్రీడల్ డికర్ బ్రాండైస్. వియన్నాకు చెందిన ఈ చిత్రకారిణిని నాజీలు 1942 డిసెంబరులో టెరెజిన్ నిర్బంధ పట్టణానికి తరలించినప్పుడు, ఆమె తన కొద్దిపాటి సామానులో చోటు చేసుకుని కాగితాలూ రంగులూ తీసుకువెళ్లింది. అక్కడ తల్లిదండ్రుల నుంచి విడదీసి ఉంచిన పిల్లలతో ఆమె బొమ్మలు గీయించింది, ప్రతి బొమ్మ మీదా గీసిన బిడ్డ పేరు రాయించింది. 1944 అక్టోబరులో ఆమెను ఆష్విట్జ్‌కు పంపి చంపారు. ఆమె పెట్టెల్లో దాచి వెళ్లిన సుమారు 4,500 బొమ్మలు యుద్ధం తరువాత బయటపడ్డాయి, వాటిని గీసిన పిల్లలలో చాలామంది బయటపడలేదు. అంతకు ముందే న్యూయార్క్ చేరుకున్న ఆమె శిష్యురాలు ఈడిత్ క్రేమర్, కష్టాలలో పెరిగిన బాలుర వసతి పాఠశాలలో ఏళ్ల తరబడి పనిచేసి, పిల్లల చిత్రకళా చికిత్స మీద 1958లో పుస్తకం ప్రచురించింది. అదే యుద్ధకాలంలో, 1942 జులై 18న, వార్సాలోని యూదుల నిర్బంధ వాడలో యానుష్ కోర్చాక్ నడిపిన అనాథాశ్రమం పిల్లలు రవీంద్రనాథ్ ఠాకూర్ రాసిన డాక్‌ఘర్ నాటకాన్ని ప్రదర్శించారు. గదిలో బందీ అయిన రోగి బాలుడు కిటికీ గుండా లోకాన్ని చూసే ఆ కథను కోర్చాక్ ఎంచుకున్నది పిల్లలను మరణానికి భయపడకుండా సిద్ధం చేయడానికే. కొద్ది రోజులకే ఆ పిల్లలనూ ఆయననూ ట్రెబ్లింకా మరణ శిబిరానికి తరలించారు. కళ వారి ప్రాణాలను కాపాడలేకపోయింది. అయినా ఆ పరిస్థితిలో కూడా పిల్లలకు రంగూ వేషమూ అవసరమని ఆ పెద్దలు గుర్తించారన్న సంగతి, తిండీ మందూ అందిన తరువాతే కళ గురించి ఆలోచించాలనే వాదానికి గట్టి సమాధానం.

తెలుగువారిలో ఈ గుర్తింపుకు వేదిక అయినది రేడియో. రేడియో అన్నయ్య, అక్కయ్యలుగా పేరుపొందిన న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు మద్రాసు ఆకాశవాణిలో పిల్లల కార్యక్రమం నడిపి, 1940లో బాలానంద సంఘాన్ని స్థాపించి, 1945లో బాల పత్రికను ప్రారంభించి, పాటకూ ఆటకూ నాటికకూ పిల్లల జీవితంలో చదువుతో సమానమైన స్థానం ఉందని తెలుగు దేశమంతటా చాటారు. వారు చేసినది చికిత్స కాకపోయినా, బిడియస్తులైన పిల్లల గొంతుకు మైకు ముందు చోటు దొరికింది వారి వల్లనే.

ఇక వరంగల్ విషయానికి వస్తే, కాకతీయ గణపతిదేవుని గజసాహిణి, అంటే ఏనుగుల దళాధిపతి, అయిన జాయప సేనాని పదమూడవ శతాబ్దం మధ్యలో సంస్కృతంలో రచించిన నృత్తరత్నావళి ఎనిమిది అధ్యాయాల గ్రంథం. అందులో సగభాగం శాస్త్రీయమైన మార్గ పద్ధతికీ, మిగిలిన సగభాగం ప్రజల మధ్య పుట్టి పెరిగిన దేశి పద్ధతికీ కేటాయించిన తీరు ఆ గ్రంథకర్త దృష్టిని తెలుపుతుంది. 1213లో రేచర్ల రుద్రుడు పాలంపేటలో కట్టించిన రామప్ప గుడి శిల్పాలనూ ఈ గ్రంథాన్నీ ఆధారం చేసుకునే ఇరవయ్యో శతాబ్దంలో నటరాజ రామకృష్ణ పేరిణి శివతాండవ నృత్యాన్ని పునర్నిర్మించారు. పేరిణిలో మోకాళ్లు వంచి పాదం మొత్తం నేలకు ఆనించి బరువును కిందికి దించే నిలకడ ఉంటుంది, ఆ నిలకడ నుంచి ఊపిరితో కలిసి పైకి లేచే ఉద్ధృతి ఉంటుంది. భయంతో కొయ్యబారిన పిల్లలతో పనిచేసే చికిత్సకులు మొట్టమొదట సాధించాలని చూసేది కూడా ఇదే. నేల తమను మోస్తున్నదన్న నమ్మకం పాదాలకు కలగడం, ఆ తరువాత తమ శరీరంలో బలం ఉందని తెలియడం. బతుకమ్మ ఆటలో వలయం ఉంది, అందరి చప్పట్లూ ఒక్కసారే పడతాయి, ఒకరు ఎత్తుకున్న పాటను మిగిలినవారు అందుకుంటారు, పాట రానివారు కూడా అడుగు కలిపి తిరగవచ్చు. తంగేడు, గునుగు పూలు పేర్చడంలో చేతులకు పని ఉంది, పేర్చిన దాన్ని చివరికి నీటిలో వదలడంలో వియోగాన్ని సాధన చేయడం ఉంది. కోలాటంలో ఎదుటివారి కర్రను గమనించి తన కర్రను నిలిపే అవధానం ఉంది. మరియన్ చేస్ తరువాతి చికిత్సకులు వలయంగా నిలబెట్టి లయతో నడిపే సామూహిక పద్ధతిని ఏ పుస్తకంలో చదివినా, వేయిస్తంభాల గుడి ముందు సద్దుల బతుకమ్మ నాటి సాయంత్రాన్ని చూసినవారికి ఆ పద్ధతి కొత్తగా తోచదు.

అయితే ఈ పోలికను పట్టుకుని బతుకమ్మ ఆడితే బెంగ పోతుందనీ పేరిణి నేర్పిస్తే భయం పోతుందనీ ప్రచారం చేయడం తప్పు. కళ వేరు, కళ ద్వారా చేసే చికిత్స వేరు; ఆ తేడా ఏమిటో ఒక చికిత్సా సమావేశాన్ని దగ్గరగా చూస్తే తెలుస్తుంది.

అటువంటి సమావేశం వారానికి ఒకసారి, ఒకే రోజున, ఒకే వేళకు, ఒకే గదిలో జరుగుతుంది. ఇంట్లో ఏదీ నిలకడగా లేని పిల్లలకు ఈ మార్పులేనితనమే మొదటి ఔషధం. ఎనిమిది మందికి మించని పిల్లలు కొత్తవాడ మగ్గాల మీద నేసిన జంపఖానా చుట్టూ చెప్పులు విడిచి నిలబడతారని అనుకుంటే, ఆ జంపఖానా చారలలో ఒక్కొక్కరు ఒక్కో రంగును తమ చోటుగా ఎంచుకోవడంతో పని మొదలవుతుంది. ఒక్కొక్కరూ తమ పేరుకు ఒక కదలికను జతచేస్తారు. ఒకరు ఎగురుతారు, ఒకరు చేతులు విప్పుతారు, మిగిలినవారంతా ఆ పేరునూ ఆ కదలికనూ యథాతథంగా తిరిగి చేస్తారు. గోడకు ఆనుకుని నిలబడి ఏమీ చేయని బిడ్డను ఎవరూ చేయి పట్టి లాగరు. ఆ బిడ్డ చూపుడువేలు గోడ మీద మెల్లగా తడుతూ ఉంటే, చికిత్సకురాలు అదే తట్టును తన మోకాలి మీద తడుతుంది, వలయమంతా దాన్ని అందుకుంటుంది, కొన్ని క్షణాలకు ఆ తట్టు గదంతటికీ తాళం అవుతుంది. తాను చేసినది మిగిలినవారంతా చేస్తున్నారని గమనించిన బిడ్డ ఆ రోజు గోడను వదలకపోవచ్చు, మూడు నాలుగు వారాల తరువాత వదలవచ్చు. అటు తరువాత అరచేతులతో తొడల మీద లయ, పాదాలతో నేల మీద లయ, ఆగమన్నప్పుడు ఉన్నచోటనే శిలలా నిలిచిపోవడం, మళ్లీ కదలడం జరుగుతాయి. ఈ వేగమూ ఆగుదలా అనే సాధన కోపం వచ్చినప్పుడు ఆగలేని పిల్లలకు ఆపుకోవడాన్ని ఆటగా నేర్పుతుంది. డప్పు ఈ పనికి ఎంతో అనువైన వాద్యమే గానీ, పెద్ద చప్పుళ్లకు బెదిరే పిల్లలు ఉన్న గుంపులో దాన్ని మొదటి రోజునే సిర్రతో మోగించడం హాని చేస్తుంది. ముందు పిల్లల చేతికే ఇచ్చి వేళ్లతో తట్టనిచ్చి, చప్పుడు తమ అదుపులో ఉందని తెలిసిన తరువాతే పుల్లలు అందించాలి. చివరి పది నిమిషాలు పడుకుని పొట్ట మీద చేయి ఉంచి ఊపిరిని గమనించడం, ప్రతి వారం పాడే అదే పాటతో ముగించడం ఉంటాయి.

ఈ మొత్తం సమయంలో చికిత్సకురాలు చూసేది అడుగు అందంగా పడిందా అన్నది కాదు. రుడాల్ఫ్ లాబన్ అనే నృత్య పండితుడు కదలికలను విశ్లేషించడానికి బరువు, దిశ, వేగం, ప్రవాహం అనే నాలుగు గుణాలను సూచించాడు. బిడ్డ నేలను గట్టిగా తొక్కుతున్నదా తేలిపోతున్నదా, చూపు సూటిగా ఉందా చెదురుతున్నదా, కదలిక తొందరగా ఉందా నిదానంగా ఉందా, స్వేచ్ఛగా సాగుతున్నదా పట్టి ఆపినట్టు ఉందా అని చికిత్సకురాలు వారం వారం రాసుకుంటుంది. ఆ గదిలో ప్రేక్షకులు ఉండరు, ఫోటోలు ఉండవు, బహుమతులు ఉండవు. తెలుగునాట పాఠశాలలలో నృత్యం అంటే వార్షికోత్సవమే అయిపోయింది. నెల రోజులు సినిమా పాటకు అడుగులు బట్టీ పట్టించి, బాగా చేసేవారిని ముందు వరుసలో నిలిపి, చేయలేనివారిని వెనక్కి పంపే ఆ ఏర్పాటులో, బెరుకు పిల్లలకు మిగిలేది మరొక వైఫల్యం. కళ వల్ల పిల్లల మనసుకు మేలు జరగాలంటే వారానికి ఒక్క గంటైనా ఎవరికీ చూపించనవసరం లేని కళ వారికి అందాలి. ఈ ఒక్క మార్పుకు ఖర్చు లేదు, దీన్ని ఏ బడి అయినా రేపటి నుంచే చేయగలదు.

చిత్రకళా చికిత్సలో కూడా అందమైన బొమ్మ గీయడం లక్ష్యం కాదు. ఏ సాధనాన్ని ఏ బిడ్డకు ఇవ్వాలన్నది అందులో కీలకం: పెన్సిలూ క్రేయానూ అదుపులో ఉంటాయి కాబట్టి భయస్తులకు తొలుత అవి నిబ్బరాన్నిస్తాయి, నీటి రంగులు ఇష్టం వచ్చినట్టు పారుతాయి కాబట్టి బిగుసుకుపోయిన మనసును వదులు చేస్తాయి గానీ, కల్లోలంలో ఉన్న బిడ్డను మరింత కలవరపెట్టవచ్చు, బంకమట్టి కొట్టినా పిసికినా తిరిగి నిలబడుతుంది కాబట్టి కోపానికి తగిన తావు. బిడ్డ నలుపు రంగు వాడితే దిగులనీ ఎరుపు వాడితే హింస అనీ తేల్చే సంకేతార్థాలకు శాస్త్రీయ ఆధారం లేదు, నలుపు వాడటానికి డబ్బాలో మిగిలిన ముక్క అదొక్కటే కావడం కూడా కారణం కావచ్చు. బొమ్మ అర్థాన్ని చెప్పవలసింది దాన్ని గీసిన బిడ్డే. పెద్దలు అడగదగినది ఈ బొమ్మలో ఏం జరుగుతోందన్న ప్రశ్న మాత్రమే.

ఒకప్పటి వరంగల్ జిల్లాలోనిదీ ఇప్పుడు సిద్దిపేట జిల్లాలోనిదీ అయిన చేర్యాల ఇక్కడ ప్రత్యేకంగా ప్రస్తావించదగినది. చేర్యాల నకాషీ చిత్రకారులు ఖద్దరు గుడ్డకు గంజి, సుద్ద, చింతగింజల జిగురు పూసి ఆరబెట్టి, ఎర్రని నేపథ్యం మీద కుల పురాణాల కథలను వరుస గడులుగా గీసేవారు. కాకిపడగల వంటి కథక బృందాలు ఆ పొడవాటి చిత్రపటాన్ని కొంచెం కొంచెంగా విప్పుతూ, ఒక్కో గడిని చూపిస్తూ కథ చెప్పేవారు. తీవ్రమైన ఆఘాతానికి గురైన పిల్లల జ్ఞాపకం ముక్కలు ముక్కలుగా, ముందు వెనుకలు లేకుండా ఉంటుంది, ఏ ముక్క ఎప్పుడు పైకి లేస్తుందో వారికే తెలియదు. ఆ ముక్కలను ఒక వరుసలో పెట్టి, అంతకు ముందు ఏముండేదో, ఏం జరిగిందో, ఆ తరువాత ఏమైందో చెప్పగలగడం ఆఘాత చికిత్సలో ప్రధానమైన మెట్టు. చేర్యాల పటం ఆకృతి ఆ మెట్టుకు సరిగ్గా ఒదుగుతుంది: పొడుగాటి కాగితపు చుట్టలో బిడ్డ మొదటి గడిలో తన ఇంటినీ మేకపిల్లనూ గీస్తుంది, చివరి గడిలో ఇప్పుడు తానున్న హాస్టల్ గదిని గీస్తుంది, మధ్యలో కొన్ని గడులను వారాల తరబడి ఖాళీగా ఉంచుతుంది, వాటిని నింపమని ఎవరూ తొందరపెట్టరు. ఎంతవరకు విప్పాలో, ఎక్కడ చుట్టివేయాలో నిర్ణయించే అధికారం చుట్ట పట్టుకున్న బిడ్డదే. సమావేశం ముగియగానే పటాన్ని చుట్టి, దారం కట్టి, బీరువాలో పెట్టి తాళం వేయడం కూడా చికిత్సలో భాగమే. కథ భద్రంగా ఉన్నదన్న, అది ఇంటిదాకా వెంటపడదన్న భరోసా ఆ తాళంలో ఉంది.

చేర్యాలలోనే కొబ్బరి చిప్పల మీద చెక్కపొట్టు, చింతగింజల ముద్దతో చేసే ముఖాల ముసుగులు నాటక చికిత్సకు దారి చూపుతాయి. తన పేరుతో చెప్పలేనిది ముసుగు తొడుక్కున్న పాత్ర పేరుతో బిడ్డ చెప్పగలదు. పులి కోపాన్ని గురించి మాట్లాడటం తన కోపాన్ని గురించి మాట్లాడటం కన్నా సులభం. ఈ దూరాన్ని చికిత్సకులు జాగ్రత్తగా కాపాడతారు, ఆ పులివి నువ్వే కదా అని ముసుగును లాగివేయరు. కొయ్యబొమ్మలూ తోలుబొమ్మలూ చేసే మేలు ఇటువంటిదే. చిందు యక్షగానం, ఒగ్గుకథ కళాకారులు పాత్రలోకి ప్రవేశించడాన్నీ పాత్ర నుంచి బయటికి రావడాన్నీ తరతరాలుగా సాధన చేసినవారు. నాటక చికిత్సలో అత్యంత ముఖ్యమైన క్షణం కూడా పాత్రను విడిచి బిడ్డ తన పేరుతో తాను తిరిగి రావడమే, దాన్ని మరిచిన చికిత్సకుడు బిడ్డను పులి కోపంలోనే ఇంటికి పంపినవాడవుతాడు.

ఈ పద్ధతుల ఫలితాల గురించి పరిశోధనలు చెబుతున్నది కూడా అందరికీ తెలియాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో వెలువరించిన నివేదిక కళలకూ ఆరోగ్యానికీ సంబంధించిన 3,000కు పైగా అధ్యయనాలను పరిశీలించి, కళల వల్ల మేలు జరుగుతుందని మొత్తంమీద నిర్ధారించింది. అయితే దిగులు వ్యాధికి (డిప్రెషన్‌కు) నృత్య చలన చికిత్స మీద, వైద్య పరిశోధనలను సమీక్షించే కోక్రేన్ సంస్థ 2015లో జరిపిన సమీక్షకు నిలిచిన పరీక్షలు మూడే, వాటిలో పాల్గొన్నవారు 147 మందే కావడంతో, గట్టి నిర్ణయానికి రావడం సాధ్యం కాలేదు. ఆటిజం ఉన్న 364 మంది పిల్లలతో తొమ్మిది దేశాలలో జరిగి 2017లో ప్రచురితమైన సంగీత చికిత్సా పరీక్షలో, మామూలు సంరక్షణతో పోల్చినప్పుడు లక్షణాల తీవ్రతలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అందువల్ల ఆటిజాన్ని నాట్యంతో నయం చేస్తామని ప్రకటించే కేంద్రాలను తల్లిదండ్రులు నమ్మకూడదు. సమర్థంగా వాడినప్పుడు ఈ చికిత్సలు మందులకూ, మాటల చికిత్సకూ, కుటుంబ సహకారానికీ తోడుగా నిలుస్తాయి. బిడ్డ చికిత్స గదిలోకి ఇష్టంగా వచ్చేలా చేయడమే వాటి మొదటి ప్రయోజనం, పిల్లల విషయంలో అది చిన్న ప్రయోజనమేమీ కాదు.

బొమ్మలలోనో ఆటలోనో లైంగిక హింస జాడ కనిపించినప్పుడు చికిత్సకుల బాధ్యత మరింత బరువైనది. పిల్లలను లైంగిక నేరాల నుంచి రక్షించే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం అటువంటి నేరం జరిగిందని తెలిసినవారు దాన్ని పోలీసులకు తెలియజేయడం తప్పనిసరి. బొమ్మను చూసి ఊహించి బిడ్డను గుచ్చి గుచ్చి ప్రశ్నించడం వల్ల బిడ్డకు హాని కలగడమే కాక కోర్టులో సాక్ష్యం కూడా దెబ్బతింటుంది కాబట్టి, బిడ్డ చెప్పినది చెప్పినట్టు రాసుకుని, విచారణను అందుకు శిక్షణ పొందినవారికి అప్పగించాలి. ఏ గదిలోనైనా పిల్లల శరీరాన్ని తాకే ముందు వారి అనుమతి అడగడం, వద్దంటే మానుకోవడం నృత్య చలన చికిత్సలో నియమం.

భారతదేశంలో ఈ వృత్తికి బాట వేసినవారిలో బెంగళూరు కేంద్రంగా పనిచేసిన త్రిపుర కశ్యప్ ఒకరు. కోల్‌కతాలో సోహిని చక్రవర్తి 2004లో స్థాపించిన కోల్‌కతా సంవేద్ సంస్థ, అక్రమ రవాణా నుంచి బయటపడిన బాలికలతో నృత్య చలన చికిత్స చేస్తూ, ఆ బాలికలలో నుంచే శిక్షకులను తయారుచేసి, ముంబైలోని టాటా సామాజిక శాస్త్రాల సంస్థతో కలిసి ఈ విషయంలో కోర్సును కూడా నడిపింది. 2021లో వచ్చిన జాతీయ అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల కమిషన్ చట్టం తన షెడ్యూలులో కళా, నృత్య, చలన చికిత్సకులను చేర్చడం వల్ల ఈ వృత్తికి తొలిసారిగా చట్టపరమైన గుర్తింపు లభించింది.

వరంగల్‌కు ఈ దిశలో కావలసిన సామగ్రి చాలావరకు ఉన్నది. 1959లో ఏర్పడిన కాకతీయ వైద్య కళాశాలకు అనుబంధంగా ఎంజీఎం ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం, పిల్లల విభాగం ఉన్నాయి. మండలాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం భవిత కేంద్రాలు ఉన్నాయి. పేరిణి, చిందు, ఒగ్గు, డప్పు కళాకారుల కుటుంబాలు జనగామ నుంచి ములుగు దాకా ఉన్నాయి. లేనిది వీరందరినీ ఒక బల్ల దగ్గరికి చేర్చే ఏర్పాటు. మానసిక వైద్యులూ సైకాలజిస్టులూ పిల్లల పరిస్థితిని అంచనా వేసి పర్యవేక్షించగా, జానపద కళాకారులు చికిత్సా సూత్రాలలో శిక్షణ పొంది సహచికిత్సకులుగా గౌరవ వేతనంతో పనిచేసే పద్ధతి ఇక్కడ సాధ్యం. వారిని ఉత్సవాల రోజున ఊరేగింపులో ముందు నడిపించి మరునాడు మరిచిపోయే పద్ధతి కన్నా అది న్యాయమైనది కూడా. తాతల నాటి డప్పును నామోషీగా భావించడం నేర్చుకున్న బిడ్డ, తన తాత బడిలో చికిత్సకుడి పక్కన కూర్చుని తోటి పిల్లలకు లయ నేర్పడం చూసినప్పుడు ఆ బిడ్డలో కలిగే మార్పును కొలిచే ప్రశ్నపత్రం ఏదీ ఇంకా తయారు కాలేదు. తాళం తెలిసిన లంబాడీ, కోయ యువతీ యువకులు శిక్షణ పొందితే, భాష అడ్డుపడే చోట్ల వారి విలువ మరింత పెరుగుతుంది.

అటువంటి ఏర్పాటు వచ్చేలోగా తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు గమనించదగిన సంగతులు కొన్ని ఉన్నాయి. నిద్ర, తిండి, చదువు, ఆట అనే నాలుగింటిలో రెండు మూడు వారాలకు పైగా మార్పు కనిపిస్తే, అంతకు ముందు ఇష్టపడిన ఆటను బిడ్డ పూర్తిగా మానేస్తే, తనను తాను గాయపరచుకుంటే, చచ్చిపోతానన్న మాట ఒక్కసారి అన్నా సరే, ఇంటి చిట్కాలతో కాలయాపన చేయకుండా మానసిక వైద్యుల దగ్గరికి తీసుకువెళ్లాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలీ మానస్ నంబరు 14416కు ఫోను చేస్తే ఉచితంగా, తెలుగులోనే సలహా లభిస్తుంది. బిడ్డ ప్రమాదంలో ఉందనిపిస్తే పిల్లల సహాయ నంబరు 1098కి ఏ వేళనైనా ఫోను చేయవచ్చు. సృజనాత్మక చికిత్స చేస్తామని చెప్పేవారి దగ్గరికి పిల్లలను పంపే ముందు వారి శిక్షణ ఎక్కడ జరిగిందో, ఎవరి పర్యవేక్షణలో పనిచేస్తున్నారో, బిడ్డ గీసిన బొమ్మలను ఎక్కడ దాచుతారో, ఫోటోలు తీస్తారో లేదో అడగడానికి మొహమాటపడకూడదు.